35 కోట్ల ఇటుకలు, వాటి మీది పేర్లు

పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 20, మందం 10. బరువు 15 నుంచి 20 కిలోలు. మన మేస్త్రీ ఒంటిచేత్తో అందుకుని మాలు మీద పెట్టే ఇటుక మూడు కిలోలు ఉంటుందేమో. ఈ కొలతల ఇటుకను ఎత్తాలంటే రెండు చేతులతో పాటు నడుము కూడా సాయం పట్టాలి. చైనాలో యాంగ్జీ నది ఒడ్డున ఉన్న నాన్‌జింగ్ నగరం చుట్టూ 14వ శతాబ్దంలో లేచిన కోటగోడకు ఇలాంటివి 35 కోట్ల దాకా పట్టాయని అంచనా. వాటిలో ఎన్నో ఇటుకల పక్కల మీద అక్షరాలు కనిపిస్తాయి. ఏ జిల్లా నుంచి వచ్చింది, ఏ తాలూకాలో కాల్చారు, పర్యవేక్షించిన అధికారి ఎవరు, లెక్క రాసిన గుమాస్తా ఎవరు, బట్టీ పెట్టింది ఎవరు, మట్టి పిసికి అచ్చు పోసింది ఎవరు... వరసగా పేర్లు.

కట్టించిన రాజు పేరు ఏ కోటకైనా ఉంటుంది. కట్టినవాళ్ల పేర్లు ఇంత పెద్ద సంఖ్యలో ఇటుకల మీదే మిగిలి ఉన్న కోట మరొకటి నాకు తెలియదు. అందుకే ఈ గోడ లెక్కలు నిదానంగా చూడదగ్గవి.

ముందు కట్టించినవాడి సంగతి. జూ యువాన్‌జాంగ్ 1328లో నిరుపేద రైతు ఇంట పుట్టాడు. 1344లో కరవు, అంటురోగం కలిసి వచ్చి తల్లిదండ్రుల్నీ పెద్దన్ననూ తీసుకుపోయాయి. కుర్రాడు బౌద్ధ మఠంలో చేరి, భిక్షాటన చేసి బతికాడు. 1352లో మంగోలుల యువాన్ వంశం మీద తిరగబడ్డ ఎర్ర తలపాగాల దండులో చేరాడు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1356లో, నాన్‌జింగ్ అతని చేతికి వచ్చింది. ఆ రోజుల్లో జూ షెంగ్ అనే పండితుడు అతనికి మూడు మాటలు చెప్పాడట: గోడలు ఎత్తుగా లేపు, ధాన్యం దండిగా నింపుకో, రాజునని చాటుకోవడానికి మాత్రం తొందరపడకు. చెప్పినట్టే చేశాడు. 1366లో గోడ పని మొదలైంది. మింగ్ సామ్రాజ్యాన్ని ప్రకటించింది 1368లో. అంటే ఈ గోడ ఆ సింహాసనం కన్నా రెండేళ్లు పెద్దది. పని రెండు దశాబ్దాలకు పైగా నడిచింది.

రాజధానికి ప్రాకారాలు నాలుగు. లోపల అంతఃపుర ప్రాకారం, దాని చుట్టూ రాజప్రాకారం, ఆ పైన నగర ప్రాకారం, అన్నిటికీ వెలుపల బయటి ప్రాకారం. ఇవాళ నాన్‌జింగ్ కోటగోడ అని చూపించేది మూడోదాన్ని. దాని పొడవు 35.267 కిలోమీటర్లు. గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున ఆగకుండా నడిచినా చుట్టి రావడానికి ఏడు గంటలు పడుతుంది. ఎత్తు చోటును బట్టి 14 నుంచి 21 మీటర్లు, అడుగున వెడల్పు 14 మీటర్ల దాకా. గోడ పైన, తల చాటు చేసుకుని బాణం వెయ్యడానికి వదిలిన సందులు 13,616 అని పాత లెక్క. పొడవును ఆ సంఖ్యతో భాగిస్తే సగటున రెండున్నర మీటర్లకు ఒకటి. ప్రతి సందు దగ్గరా ఒక్క మనిషిని నిలబెట్టాలన్నా పదమూడున్నర వేల మంది కావాలి.

చైనా రాజధానులంటే చతురస్రమో దీర్ఘచతురస్రమో అని ఒక సంప్రదాయం. షియాన్‌లో నిలిచి ఉన్న మింగ్ కాలపు గోడ అలాంటిదే: 13.7 కిలోమీటర్లు, నాలుగు వైపులా తిన్నగా. నాన్‌జింగ్ గోడ అలా ఉండదు. కొండ ఎదురైతే కొండతో పాటు ఎక్కుతుంది, నది వస్తే నది వెంట వంగుతుంది. దక్షిణాన చిన్‌హువాయి నదినే కందకంగా వాడుకున్నారు, ఈశాన్యాన షువాన్‌వు సరస్సును. కందకం తవ్వే కూలి అంతమేర మిగిలింది. సంప్రదాయానికి తలవంచకుండా నేలను చదివి గీసిన గీత ఇది. తన దండయాత్రలు తానే నడిపినవాడి చూపు అందులో ఉంది.

అంత చూపు ఉన్నవాడు ఒకచోట తడబడ్డాడు. రాజభవనం కోసం నగరానికి తూర్పు చివర యాన్‌చ్వే సరస్సును పూడ్పించాడు. పూడ్చిన నేల తర్వాత కుంగింది. పైగా భవనం గోడకు మరీ దగ్గర. గోడ అవతలే జిజిన్ కొండ. ఆ కొండ శత్రువుకు చిక్కితే భవనం వాడి కాళ్ల కింద ఉన్నట్టే. 1390లో బయటి ప్రాకారానికి ఆజ్ఞ వెళ్లింది. అది దాదాపు 60 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టికట్ట, ద్వారాల దగ్గర మాత్రం ఇటుక కట్టుబడి. జిజిన్ కొండ మొత్తం దాని లోపలికి వచ్చింది. లోపలి గోడకు 13 ద్వారాలు, బయటిదానికి 18 అని నాన్‌జింగ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు ఇటుకల దగ్గరికి.

35 కోట్ల ఇటుకలు అంటే ఎంత? ఒక్కొక్కటి 40 సెంటీమీటర్ల లెక్కన వరసగా పేర్చితే 1,40,000 కిలోమీటర్లు, భూమధ్యరేఖ చుట్టూ మూడున్నర చుట్లు. ఒక్కొక్కటి 15 కిలోలే అనుకున్నా బరువు 52 లక్షల టన్నులు దాటుతుంది. పని ఇరవై ఏళ్లు సాగిందనుకుంటే సెలవన్నది లేకుండా రోజుకు 48,000 ఇటుకలు కావాలి. ఏ ఒక్క ఊరి బట్టీలూ ఇన్ని కాల్చలేవు. అందుకని ఇవాళ్టి జియాంగ్సు, అన్‌హుయి, జియాంగ్‌సీ, హునాన్, హుబే రాష్ట్రాల పరిధిలోని వందకు పైగా తాలూకాలకు పని పంచారు. ఆ ప్రాంతాలన్నీ యాంగ్జీకో దాని ఉపనదులకో అందుబాటులో ఉన్నవే. ఎగువన ఇటుక పడవెక్కితే ప్రవాహమే రాజధాని దాకా తెస్తుంది.

మట్టి ఎక్కడిది అక్కడి రంగులో వచ్చింది. చాలావరకు బూడిద రంగు. జియాంగ్‌సీలోని యువాన్‌జౌ నుంచి వచ్చినవి తెల్లగా ఉంటాయి. పింగాణీకి వాడే తెల్ల బంకమట్టి అక్కడ దొరుకుతుంది. ఆరు వందల ఏళ్ల ఎండావానా తిన్నాక కూడా ఆ తెల్ల ఇటుకల మీది అక్షరాలు గీటు చెదరకుండా ఉన్నాయి.

ఆ అక్షరాల్లో ఒక క్రమం ఉంది. పూర్తిగా రాసిన ఇటుక మీద మొదట జిల్లా పేరు, అక్కడి పర్యవేక్షణాధికారి, అతని గుమాస్తా. తర్వాత తాలూకా పేరు, అక్కడి అధికారి, అతని గుమాస్తా. ఆ కింద ఊళ్ల నుంచి మనుషుల్ని పోగుచేసే మూడు అంచెల పెద్దలు. ఆ కింద బట్టీ పనివాడు. అందరికన్నా అడుగున, ఇటుక చేసిన కూలీ. మొత్తం తొమ్మిది మంది. కొన్ని ఇటుకల మీద 70కి పైగా అక్షరాలున్నాయి. కొన్ని అచ్చుతో ఒత్తినవి, గుమాస్తా చేతిరాత లాగా పొందికగా ఉంటాయి. మరికొన్ని పచ్చి మట్టి మీద పుల్లతో గీకినవి. గీతలు వంకరపోయి, అక్షరం సగంలో ఆగి, పక్క వరసలోకి జారి ఉంటాయి. చదువు రానివాడు ఎవరినో అడిగి గీకాడో, లేక చూసి బొమ్మలా దించాడో.

ఇది గౌరవం కోసం రాయించిన రాత కాదు. ఇటుక పగిలితే, సరిగా కాలకపోతే, కొలత తప్పితే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి రాయించింది. చేసినవాడి పేరు వస్తువు మీదే చెక్కించే ఆనవాయితీ చైనాలో మింగ్ కాలానికి పదిహేను వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. జూ యువాన్‌జాంగ్ దాన్ని సామ్రాజ్యమంత కొలతలో నడిపించాడు. అధికారుల మీద ఏ కొంచెం అనుమానం కలిగినా తలలు తీయించిన చక్రవర్తి ఆయన. కూలీ పేరుతో పాటు జిల్లా అధికారి పేరు కూడా అదే ఇటుక మీద ఉండడం నాకు గొప్పగా తోస్తుంది. తప్పు అడుగున ఉన్నవాడి నెత్తిన రుద్ది పైవాళ్లు తప్పుకునే దారి ఆ తొమ్మిది వరసల్లో లేదు. ఆ రాత వెనక ఉన్న భయాన్నీ మరవలేం. తెలియని ఊళ్లో తన పేరున్న ఇటుకకు ఏమవుతుందోనని ఎంతమంది బట్టీవాళ్లు నిద్ర లేకుండా గడిపారో.

ఇటుకలు చేసినవాళ్లలో చాలామంది సొంత ఇష్టంతో వచ్చినవాళ్లు కారు. 1368లో తెచ్చిన నియమం ప్రకారం రాజధాని చుట్టుపక్కల జిల్లాల్లోనూ జియాంగ్‌సీలోని కొన్ని చోట్లా వంద మూ భూమికి, అంటే మన లెక్కలో సుమారు 14 ఎకరాలకు, ఒక మనిషిని పనికి పంపాలి. పొలం పనులు లేని రోజులు చూసి ఏడాదికి 30 రోజులు. అంత భూమి లేని చిన్న రైతులు కొందరు కలిసి ఆ మేరకు ఒకణ్ణి పంపేవారు. ఇటుకల మీద కనిపించే మూడు అంచెల పెద్దలు ఇలా మనుషుల్ని పోగుచేసిన ఏర్పాటులో వాళ్లే.

ఇటుకల్ని పట్టి ఉంచింది సున్నం. దానిలో జిగట బియ్యం గంజి కలిపేవారని తరతరాలుగా చెప్పుకున్నారు. ఇది కథ కాదని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2010లో ప్రకటించిన పరిశోధన తేల్చింది. ప్రాచీన చైనా కట్టడాల సున్నంలో ఆ బియ్యపు పిండిపదార్థం అమైలోపెక్టిన్ ఆనవాళ్లు వారికి దొరికాయి. సున్నం గట్టిపడేటప్పుడు స్ఫటికాలు పెద్దవి కాకుండా అది అడ్డుకుంటుంది. చిన్న స్ఫటికాలు ఒత్తుగా సర్దుకోవడంతో సందు మిగలదు, నీరు దిగదు.

ఇక ద్వారాలు. 35 కిలోమీటర్లకు 13 అంటే సగటున 2.7 కిలోమీటర్లకు ఒకటి. అన్నిటిలో ఘనమైనది దక్షిణాన ఉన్న జుబావో ద్వారం. 1931 నుంచి దాని పేరు జోంగ్‌హువా. తూర్పు పడమరలు 118.5 మీటర్లు, ఉత్తర దక్షిణాలు 128 మీటర్లు, వైశాల్యం 15,168 చదరపు మీటర్లు. దాదాపు నాలుగు ఎకరాల్లో పరుచుకున్న దీన్ని ద్వారం అనడం కన్నా కోట అనడమే సబబు.

లోపలికి వచ్చే శత్రువు కళ్లతో చూస్తే దాని పనితనం తెలుస్తుంది. మొదటి ద్వారం బద్దలు కొట్టి లోపలికి దూకితే ఎదురుగా ఒక ముంగిలి, నాలుగు వైపులా గోడలు, ముందు రెండో ద్వారం. దాన్నీ దాటితే ఇంకో ముంగిలి, మూడో ద్వారం. ఆ తర్వాత మరో ముంగిలి, నాలుగో ద్వారం. ప్రతి ద్వారానికీ రెక్కల తలుపులతో పాటు పైనుంచి గాడిలో జారిపడే బరువైన అడ్డుపలక ఉండేది. దండు సగం లోపలికి వచ్చాక పలక వదిలితే వెనక ఉన్నవాళ్లు వెనకే ఆగిపోతారు, ముందున్నవాళ్లు ముంగిట్లో చిక్కుతారు. పైనుంచి బాణాలు, రాళ్లు. ఇంతటితో అయిపోలేదు. ప్రధాన కట్టడంలో కింద 6, పైన 7, గుర్రాలు ఎక్కే వాలుదారుల అడుగున పక్కకు 7 చొప్పున 14, మొత్తం 27 సొరంగ గదులున్నాయి. వాటిలో 3,000 మంది సైనికులు దాగి ఉండొచ్చని లెక్క. ముంగిట్లో చిక్కినవాడి మీదికి వాళ్లు ఒక్కసారి విరుచుకుపడతారు. వేరే నగరాల్లో ఇలాంటి ముంగిళ్లు గోడకు బయట ఉంటాయి. ఇక్కడ లోపల పెట్టారు. వైరికి బయటి నుంచి లోతు ఎంతో అంతుపట్టదు.

ఈ ద్వారం అడుగున షెన్ వాన్‌సాన్ అనే కోటీశ్వరుడి అక్షయపాత్రను పాతిపెట్టారని, గోడలో మూడో వంతు అతని డబ్బుతోనే లేచిందని ఒక కథ ఉంది. అతను మింగ్ రాజ్యం రాకముందే పోయి ఉంటాడని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జుబావో అనే పేరు వచ్చింది ఎదురుగా ఉన్న కొండ నుంచి. గోడలో మూడో వంతు ఒక ధనికుడు కట్టాడని నమ్మడం తేలిక. ఇటుకల మీది పేర్లు చదివితే ఎవరు కట్టారో తెలుస్తుంది.

నదికి కూడా ద్వారం కట్టారు. చిన్‌హువాయి నగరంలోకి వచ్చే తూర్పు నీటి ద్వారంలో మూడు అంతస్తులు, అంతస్తుకు 11 కమానులు, మొత్తం 33. అడుగు వరసలో నీరు పారుతుంది, పై రెండు వరసలు సైనికులకు, సరుకుకు.

ఇంత కట్టిన గోడ ఎన్నిసార్లు నిలబడింది, ఎన్నిసార్లు ఓడింది? మొదటి పరీక్ష 1402లో వచ్చింది. జూ యువాన్‌జాంగ్ పోయాక మనవడు జియాన్‌వెన్ గద్దెనెక్కాడు; ఆ మనవడి మీదికి బాబాయి జూ దీ దండెత్తి వచ్చాడు. ఇటుక ఒక్కటి కదల్లేదు. జిన్‌చువాన్ ద్వారం కాపలాగా పెట్టిన రాజబంధువు జూ హుయి, సేనాని లీ జింగ్‌లోంగ్ లోపలి నుంచి తలుపులు తెరిచారు. 35 కోట్ల ఇటుకలకు జవాబుదారులున్నారు, ఆ తలుపుకు మాత్రం లేకపోయారు. గద్దెనెక్కిన జూ దీ 1421లో రాజధానిని బీజింగ్‌కు మార్చాడు. నాన్‌జింగ్ మొత్తం సామ్రాజ్యానికి ప్రధాన రాజధానిగా ఉన్నది 53 ఏళ్లే.

1645లో మంచూల చింగ్ సైన్యానికి అధికారులే నగరాన్ని అప్పగించారు, యుద్ధం లేదు. 1659లో మింగ్ పక్షాన పోరాడుతున్న జెంగ్ చెంగ్‌గోంగ్ ముట్టడిస్తే గోడ కాచింది; లోపలి దళం బయటికి దూకి అతన్ని తరిమేసింది. 1853లో తైపింగ్ తిరుగుబాటుదారులు యీఫెంగ్ ద్వారం దగ్గర సొరంగం తవ్వి మందుగుండు పేల్చి లోపలికి వచ్చారు. 1864 జులై 19న చింగ్ సేనాని జెంగ్ గువోచువాన్ సైన్యం తైపింగ్ ద్వారం దగ్గర అదే పద్ధతిలో గోడను లేపేసి నగరాన్ని తిరిగి పట్టుకుంది. పైకెక్కి ఈ గోడను గెలవడం కుదరలేదు. అడుగు నుంచి తవ్వుకొచ్చారు, లేదా లోపలివాళ్లు తలుపు తీశారు.

1937 డిసెంబరుకు వచ్చేసరికి ఎదురుగా జపాన్ ఫిరంగులు, విమానాలు. 12న జోంగ్‌హువా ద్వారం దగ్గర గోడ బద్దలైంది. పైన ఉన్న గోపుర మంటపం నాశనమైంది. ఆ సాయంత్రం చైనా దళాలకు వెనక్కి తగ్గమని ఆజ్ఞ వచ్చింది. నది వైపు పోవడానికి మిగిలిన దారి వాయవ్యాన ఉన్న యీజియాంగ్ ద్వారం ఒక్కటే. ఆజ్ఞ అందరికీ సరిగా చేరలేదు. ద్వారం కాస్తున్న సొంత దళమే పారిపోతున్నారనుకుని కాల్పులు జరిపింది. ఎందరో తొక్కిసలాటలో పోయారు. శత్రువును ఆపడానికి కట్టిన గోడ ఆ రాత్రి తనవాళ్లకే అడ్డు నిలిచింది. 13న నగరం పడిపోయింది. తర్వాతి వారాల్లో జరిగిన నరమేధంలో చనిపోయినవాళ్లు 3 లక్షలకు పైగా అని చైనా అధికారిక లెక్క, 2 లక్షలకు పైగా అని టోక్యో యుద్ధ నేరాల న్యాయస్థానం లెక్క.

ఇన్ని యుద్ధాలు చెయ్యలేని పని శాంతికాలం చేసింది. 1954లో కుండపోత వానలకు కొన్ని చోట్ల గోడ కూలింది. ప్రమాదమన్నారు, రోడ్లకు అడ్డమన్నారు, ఇటుక పనికొస్తుందన్నారు. పలుగులు లేచాయి. మంచి గోడ కూడా కిలోమీటర్ల కొద్దీ నేలకు దిగింది.

అప్పుడు ఎదురు నిలిచినవాడు జూ షియె. 1907లో పుట్టాడు, బెర్లిన్‌లో చదివాడు, నాన్‌జింగ్ ప్రాచీన కట్టడాల మీద 1936లోనే పుస్తకం తెచ్చాడు. 1956 నాటికి జియాంగ్సు సాంస్కృతిక శాఖలో ఉపాధ్యక్షుడు. పడగొట్టే చోటికి పరుగెత్తాడు, పత్రికలకు రాశాడు, పై అధికారులకు మొరపెట్టుకున్నాడు. జోంగ్‌హువా ద్వారం, పడమటి పాత రాతికోట భాగం నిలబడ్డాయి. మరుసటి ఏడాదే ఆయన మీద 'మితవాది' ముద్ర వేసి పదవి తీసేశారు. సాంస్కృతిక విప్లవపు వేధింపుల్లో 1968లో ప్రాణం తీసుకున్నాడు. గోడకు జవాబుదారుగా ఉండమని ఆయన్ను ఏ చక్రవర్తీ ఆదేశించలేదు. తనంతట తాను పేరు రాసి సంతకం పెట్టాడు. 35 కోట్ల ఇటుకల చరిత్రలో నేను అందరికన్నా ఎక్కువగా తలుచుకునే పేరు ఇదే.

1988లో గోడకు జాతీయ రక్షణ వచ్చింది. ఇవాళ నిలిచి ఉన్నది 25.091 కిలోమీటర్లు, అంటే 71 శాతం. పోయింది 10.176 కిలోమీటర్లు. మింగ్ కాలపు 13 ద్వారాల్లో అసలు కట్టడంతో మిగిలినవి నాలుగే: జోంగ్‌హువా, షిచెంగ్, చింగ్‌లియాంగ్, షెన్‌సె. పడగొట్టిన రోజుల్లో ఇటుకలు పెరటి గోడలకు, వాకిళ్లకు, పునాదులకు చేరిపోయాయి. వాటిని తిరిగి ఇమ్మని నగర పాలకులు అడిగారు, జనం తెచ్చి ఇచ్చారు. మరమ్మతులకు అవి పనికొచ్చాయి. 2021 డిసెంబరులో జోంగ్‌హువా ద్వారం దగ్గర కోటగోడ మ్యూజియం తెరుచుకుంది. లోపల పేర్లున్న ఇటుకల్ని గోడ నిండా పేర్చారు. మింగ్, చింగ్ కాలపు నగర ప్రాకారాల్లో కొన్నిటిని కలిపి ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం చైనా పెట్టిన ప్రతిపాదన ఇంకా యునెస్కో తాత్కాలిక జాబితాలోనే ఉంది. ఆ జట్టులో ముందు నిలిచి పని నడుపుతున్న నగరం నాన్‌జింగ్.